పెరటాసి శనివారం పద్నాలుగు ట్రేలు

కొర్లగుంటలో మన వీధిలో ఒక మాట తిరగతా ఉండాది. టైలర్ గ్రేసీ కూతురు జెస్సీ, తాను పనిచేసే ఆస్పత్రిలో, పెరటాసి నెల రెండో శనివారం నాడు ఒక పొద్దు ఉన్న రోగులకు పోవాల్సిన పాలు, అరటిపండ్లు కావాలని ఆపేసిందంట. చర్చికి పొయ్యే పిల్ల కాబట్టి మన గోవిందుడి శనివారం అంటే గిట్టదంట. కంప్యూటర్లో ఏందో మార్చి ఒక పొద్దు అనేదాన్నే కొట్టేసిందంట. మంచినీళ్ళ కొళాయి కాడ మొదలైన ఈ మాట పాలబూతు దాకా పొయ్యేసరికి, ఆ అరటిపండ్లు చెత్తబుట్టలో పారేసిందని కూడా చేరింది. ఇంకో రెండు వీధులు దాటితే ఏమేం చేరతాయో ఆ దేవుడికే తెలియాల.

ఇందులో నిజమెంతో, కానిదెంతో తేల్చుకోవాల. ట్రేలు ఆపింది నిజమే. కంప్యూటర్లో మార్చింది నిజమే. కావాలనే చేసింది, అదీ నిజమే. మిగిలిందంతా మనోళ్ళు పెట్టిన తాలింపు. ఆస్పత్రి వంటింట్లో ట్రేలు తోసే ఆమెను మొదలుకొని అడగాల్సినోళ్ళందరినీ అడిగి, విసుక్కున్నోళ్ళను రెండోసారి కూడా అడిగి రాసిన సంగతి ఇది.

జెస్సీకి ఇరవై ఆరేండ్లు. నాయన ఇమ్మానుయేల్ రైల్వేస్టేషన్ నుంచి అలిపిరికి ఆటో తోలతాడు. ఆయన ఆటో ఎక్కేవాళ్ళంతా కొండకు పొయ్యేవాళ్ళే. వాళ్ళు గోవిందా అంటే ఆయనా గోవిందా అంటాడు, దిగేటప్పుడు "దర్శనం బాగా కావాల సామీ" అని సాగనంపుతాడు. ఆదివారం తెల్లచొక్కా ఇస్త్రీ చేసుకుని చర్చికి పోతాడు. ఇన్నేండ్లలో ఈ రెండింటికీ ఆయన నోట్లో ఎప్పుడూ తగవు రాలేదు.

గ్రేసీ సంగతి వేరే చెప్పే పన్లేదు. ఇంటి ముందర రేకుల కింద మిషను పెట్టుకుని వీధిలో ఆడోళ్ళందరికీ రవికలు కుట్టేది ఆమే. ఎవరి భుజమెంత, ఎవరికి చంక కాడ బిగుతు, ఎవరు కాన్పు తర్వాత ఎంత ఒళ్ళు చేసినారు, అంతా ఆమె నోటుబుక్కులో ఉంటుంది. ఆ నోటుబుక్కు రాసింది జెస్సీనే. ఏడెనిమిదేండ్ల పిల్లప్పుడు మిషను పక్కన కూర్చుని, అమ్మ టేపు పెట్టి చెప్తా ఉంటే అంకెలు రాసేది. ఒకసారి ఎవరో పెండ్లి తొందరలో "పోయిన్యాడు రాసుకున్న కొలతే, మళ్ళా ఎందుకు" అన్నారని గ్రేసీ పాత కొలతతో కత్తిరించేసింది. పెండ్లికూతురి చెల్లెలు, ఎదిగే పిల్ల. ముహూర్తం పొద్దుకు చేతులు రవికలో దూరలేదు. ఆ పిల్ల ఏడుపు, గ్రేసీ పడిన మాటలు జెస్సీ కండ్లారా చూసింది. ఆ తర్వాత గ్రేసీ కొలత తీసుకోకుండా కత్తెర పట్టింది లేదు. కొలిచేదానికి నిలబళ్ళేనోళ్ళ గుడ్డ పట్టుకునేది కూడా లేదు.

జెస్సీ మాట తక్కువ పిల్ల. పది మాటలడిగితే ఒకటి చెప్తుంది, ఆ ఒక్కటీ పనికి సంబంధించిందే. డిగ్రీలో కంప్యూటర్లు చదివింది. బైపాస్ రోడ్డు పక్కన ఆస్పత్రిలో దామోదరం అనే పెద్దాయన ఉండేవాడు. వంటింటికి చీటీలు వచ్చే ప్రోగ్రాం రాసింది ఆయనే. రిటైరయ్యే ముందు ఆరు నెలలు జెస్సీని పక్కన కూర్చోబెట్టుకుని పని నేర్పించినాడు. అట్ట కాంట్రాక్టు మీద ఆ పిల్ల ఆస్పత్రి వంటింట్లో కంప్యూటర్ ముందర కూర్చుని మూడేండ్లయింది. ప్రతి అక్టోబరు ఆఖరుకు కాంట్రాక్టు అయిపోతుంది, మళ్ళా కొత్త కాగితం ఇస్తారు.

ఆ పని ఏందో రవ్వంత తెలుసుకుంటే గానీ జరిగింది అర్థం కాదు. పడకల మీదుండే నూటనలభై మందికీ ఒకే తిండి పోదు. ఒకరికి ఉప్పు ఉండకూడదు, ఒకరికి చక్కెర ఉండకూడదు, ఒకరికి గంజే పొయ్యాల. ఆపరేషనుకు పొయ్యేవాళ్ళకు ఏమీ ఇవ్వకూడదు. ఎవరికి ఏందనేది వార్డులో నర్సమ్మలు ఆస్పత్రి పెద్ద కంప్యూటర్లో పెడతారు. ఆ పెద్ద కంప్యూటర్ని చూసుకునేది బయటి కంపెనీ, మద్రాసు వాళ్ళు. వంటింటి ప్రోగ్రాం రోగుల పేర్లు తన కాడ దాచిపెట్టుకోదు. అది ఆ కంపెనీ వాళ్ళ దాంట్లోకి తొంగిచూసి, పేరుతో సహా చీటీలు అచ్చేసి ఇస్తుంది. చీటీ లేని ట్రే వంటింటి గడప దాటకూడదు, అది ఆడి కట్టుబాటు. "ఏమీ వద్దు" అని వచ్చిన చీటీకి జెస్సీ ఎర్ర పెన్సిలుతో అడ్డగీత కొట్టి గోడకుండే మేకుకు గుచ్చుతుంది. దానికి ట్రే ఉండదు.

తొంగిచూసేదానికీ ఒక పద్ధతుంది. మొదట లింకు కలిపిన రోజు, ఆ పక్క టేబుల్లో, అంటే వివరాలు గళ్ళు గళ్ళుగా ఉండే పట్టికలో, ఏ ఏ గళ్ళు ఉండాయి, ఏ గడిలో ఏముంటుంది అనేది ఈ పక్క ప్రోగ్రాం రాసిపెట్టుకుంటుంది. ఆ తర్వాత ఆ రాసిపెట్టుకున్నదాని ప్రకారమే చూస్తుంది. ఆ పక్కోళ్ళు కొత్త గడి కలిపినా, ఒక గడిలో పెట్టేది ఇంకో గడిలోకి మార్చినా, దీనికి తెలీదు. పాత గళ్ళనే చూస్తా ఉంటుంది. మనిషి కూర్చుని, లింకును మళ్ళా తాజా చేసి, టేబుల్ రూపం ఇదీ అని దానికి కొత్తగా నేర్పించాల. దామోదరం ఈ సంగతి జెస్సీకి గట్టిగా చెప్పినాడు. జెస్సీకి ఆయన చెప్పకముందే అర్థమైపోయింది. నోటుబుక్కులో కొలతలు రాసిన పిల్ల గదా.

ఇంక పెరటాసి సంగతి. ఆ నెల శనివారాలు మన తావ ఎట్టుంటాయో ఎవరికి తెలీదు? నామం పెట్టుకుని, మధ్యాహ్నం వండినవన్నీ ఆకులో దేవుడికి తళిగ వేసి గోవిందా కొట్టేదాకా అన్నం ముట్టం. పాలు, పండు తీసుకుంటాం, వాటికి ఒక పొద్దు చెడదు. రోగులైనా ఊరుకుంటారా? పడక మీద పడుకోనుండి కూడా ఇడ్లీ వద్దంటారు. ఆ వంటింటికి పెద్ద రమామణి గారు, కొండమీద కైంకర్యాలు చేసిన ఇంటి ఆడపడుచు. "జబ్బు మనిషి ఖాళీ కడుపుతో ఎట్టుంటాడు" అని ఆమె ఒక ఏర్పాటు చేసింది. పెరటాసి శనివారం పొద్దున వార్డు వాళ్ళు ఒక పొద్దు మనిషికి తిండి గడి ఖాళీగా వదిలేస్తారు. ఖాళీ చీటీ వస్తే వంటింట్లో ఏమీ అడక్కుండా గ్లాసు పాలు, రెండు అరటిపండ్లు పెట్టి పంపిస్తారు. ఆ ఏర్పాటు వచ్చి పదేండ్లు దాటింది. వేరే రోజైతే ఖాళీ చీటీ వస్తే వార్డుకు ఫోను చేసి అడగతారు. ఆ నెల శనివారాల్లో మాత్రం అడగరు.

ఆ రెండో శనివారం పొద్దున ఏడింపావుకు చీటీలు వచ్చినాయి. ట్రే బండి తోసే తిరుమలమ్మ, నుదుట ఇంత పొడుగు నామంతో, పాలగ్లాసులు వరసగా సర్దతా ఉండాది. ఖాళీ చీటీలు పద్నాలుగు. జెస్సీ మామూలుగా ఎర్ర పెన్సిలు చేతికి తీసుకుంది. గీత కొట్టేదానికి చీటీ లేదు. కట్టంతా ఒకసారి తిరగేసింది, రెండోసారి తిరగేసింది.

"రమామణమ్మా, ఈ పొద్దు ఆపరేషన్లు లేవా?"

"శనివారం ఆపరేషన్లు లేకుండా ఎట్టుంటాయమ్మే? సర్జన్ గారు వచ్చేదే శనివారం."

"మరి 'ఏమీ వద్దు' అని ఒక్క చీటీ కూడా రాలేదే."

రమామణి గారు కండ్లద్దాలు పైకి తోసుకుని చీటీలు చూసింది. "ఈ పొద్దు అందరికీ మంచిరోజేమో పో."

"పోయిన శనివారం ఖాళీవి పదకొండు, ఎర్రవి మూడు. ఈ పొద్దు ఖాళీవి పద్నాలుగు, ఎర్రవి లేవు."

"అయితే?"

"ఆ మూడూ ఈ పద్నాలుగులో కలిసిపొయ్యి ఉంటే?"

రమామణి గారు ఫోనెత్తి మూడో అంతస్తు వార్డుకు చేసింది. నర్సమ్మలు డ్యూటీ మారే సమయం. ఎవరో ఎత్తినారు, సగం మాట విన్నారు. "పెరటాసి శనివారం గదమ్మా, ఒక పొద్దులుంటాయి, పంపిచ్చేయండి" అని పెట్టేసినారు. ఎవరు మాట్లాడింది అంటే ఎవరో. మళ్ళా చేస్తే ఎవరూ ఎత్తలేదు.

"ఇన్నావు గదా," అంది తిరుమలమ్మ. "పాలు తొరక కట్టతా ఉండాయి. తోసుకుపొమ్మంటారా, ఈ బండి కాడే కాపరం పెట్టమంటారా?"

జెస్సీ లేచి బండి కాడికొచ్చి, ఒక్కొక్క ట్రే మీద నుంచి చీటీ తీసేసింది. పద్నాలుగు చీటీలూ చేతిలో పట్టుకుంది. చీటీ లేని ట్రే గడప దాటకూడదు గదా.

"ఏమ్మే, నీకేమన్నా తిక్కా?" అంది తిరుమలమ్మ. "ఒక పొద్దోళ్ళ ఉసురు తగల్తాది."

"ఉప్పువి, చక్కెరవి, గంజివి అన్నీ తీసుకుపో అక్కా. అవి సరిగ్గానే ఉండాయి. ఈ పద్నాలుగూ నేను చెప్పేదాకా ఈడే ఉండాల."

రమామణి గారు ఏమన్నా అంటుందేమోనని తిరుమలమ్మ అటు చూసింది. రమామణి గారు ఆ పిల్ల మొహం కొంచేపు చూసి, "కానీ, బిరీన కానీ" అని మాత్రం అంది. ఆమెకూ ఇష్టం లేదు. తన చేత్తో మొదలుపెట్టిన ఏర్పాటు, తన కండ్ల ముందరే ఆగిపోయింది.

జెస్సీ కంప్యూటర్ ముందర కూర్చుంది. మొదట ప్రోగ్రాంకు ఒక నకలు తీసి పక్కన పెట్టుకుంది. దామోదరం నేర్పించిన మొదటి పాఠం అది, ఏది ముట్టుకునే ముందరైనా నకలు ఉండాల. ఆ తర్వాత స్టోరు గదిలో, కూరగాయల కాడ ఉండే రెండు కంప్యూటర్లలో ప్రోగ్రాం మూయించింది. ఆడున్నోళ్ళు ఊరికే మూస్తారా? "మా పని యాడిది ఆడ ఆగిపోతుంది" అని గొణిగినారు. తర్వాత లింకు పెట్టిన టేబుళ్ళ పట్టీ తెరిచి, రోగుల టేబులు, పడకల టేబులు, తిండి టేబులు, మూడింటినీ తాజా చేయమంది. తిండి టేబుల్లో, అన్నిటికంటే చివర, నిన్నటిదాకా లేని గడులు రెండు వచ్చి నిలబడినాయి. ఒకటి "నోటి ద్వారా ఏమీ ఇవ్వరాదు". రెండోది "ఎప్పటి నుంచి".

జరిగింది ఇదీ. కంపెనీ వాళ్ళు శుక్రవారం సాయంత్రం ఆ టేబులు మార్చినారు. "ఏమీ వద్దు" అనేది ఇంతకు ముందు తిండి గడిలోనే ఉండేది. దాన్ని తీసి, టైముతో సహా వేరే గడిలో పెట్టినారు. మంచికే చేసినారు. మారుస్తామని ఆస్పత్రి ఆఫీసుకు ఒక మెయిలు కూడా పెట్టినారు. ఆఫీసులో దాన్ని చూసినోళ్ళకు వంటింట్లో ఒక ప్రోగ్రాం ఉండాదని గుర్తు రాలేదు. దాంతో ఆపరేషను మనుషులకు తిండి గడి ఖాళీ అయిపోయింది. వంటింటి ప్రోగ్రాం పాత రూపాన్నే పట్టుకోనుంది కాబట్టి దానికి ఖాళీ ఒక్కటే కనబడింది. ఆ ఖాళీని మన పెరటాసి శనివారం పాలతో నింపబోయింది. ఇంకే నెలలో అయినా, ఇంకే ఊర్లో అయినా ఖాళీ చీటీ చూసి ఎవరో ఒకరు అడిగేవాళ్ళు. మన ఊర్లో, ఆ పొద్దు, అడిగినోళ్ళకు కూడా పంపిచ్చేయమనే జవాబొచ్చింది.

గడులు కనబడినంత మాత్రాన పని అయిపోలేదు. చీటీ అచ్చేసే చోట కూడా ఆ కొత్త గడిని చూడమని చెప్పాల. జెస్సీ ఆ పనిలో ఉండంగా వంటింటి కిటికీ కాడ గొంతు లేచింది.

"ఎవరమ్మా ఈడ? మూడో అంతస్తులో మా ఆయన ఒక పొద్దు. పాలు రాలేదు, పండు రాలేదు. ఆస్పత్రిలో పాలకు కూడా కరువా?"

ఆమె ధరణి. మన వెనక వీధే. మొగుడు మునిచంద్ర, బస్టాండు కాడ పూలంగడి. పైత్యపు తిత్తిలో రాళ్ళని శుక్రవారం చేర్చినారు.

"నన్నడిగితే నేనేం చెప్పేది తల్లీ," అంది తిరుమలమ్మ. "అదో, అద్దం అవతల కూర్చోనుండాదే, ఆ పిల్ల ఆపింది. ఎందుకంటే కంప్యూటర్ అంటుంది."

ధరణి అద్దంలోంచి చూసింది. "అది మా గ్రేసీ అక్క కూతురు గదా! జెస్సీ! ఓ జెస్సీ!"

కిటికీ నుంచి కంప్యూటర్ దాకా మధ్యలో గిన్నెలు కడిగే మోత. జెస్సీ తల తిప్పలేదు. వినబళ్ళేదని జెస్సీ అంటుంది, తిరుమలమ్మ కూడా అంటుంది. ధరణి మాత్రం విని కూడా తిరగలేదనే అనుకుంది. మొగుడు ఆపరేషనుకు పొయ్యే పొద్దు, పిలిస్తే పలకని వీపు ఒకటి కనబడింది. కోపానికి అంతకంటే ఏం కావాల?

ఎనిమిదీ ముప్పావు కావస్తా ఉండంగా చీటీలు మళ్ళా అచ్చయినాయి. ఖాళీవి పదకొండు. "ఏమీ ఇవ్వరాదు" మూడు. జెస్సీ మూడింటికీ ఎర్రగీత కొట్టి మేకుకు గుచ్చింది. ఆ మూడో చీటీ మీద మునిచంద్ర పేరు ఉండాది. పదకొండు ట్రేలూ చల్లారిన పాలతో పైకి పోయినాయి. ఇద్దరు ముగ్గురు కోపంతో వెనక్కి పంపించేసినారు.

ధరణి చూస్తానే ఉండాది. తొమ్మిది గంటలకు పక్క పడకాయనకు పాలు వచ్చినాయి, ఎదురు పడకామెకు వచ్చినాయి, తన మొగుడికి మాత్రం రాలేదు. పోయి బయట కొనుక్కొద్దామంటే అప్పటికే ఆయనకు పచ్చగౌను తొడిగి బండి మీద తీసకపోయినారు. ఆపరేషను బాగానే అయింది. ఆయన మూడో రోజుకు ఇంటికొచ్చినాడు. ధరణి కడుపులో మంట మాత్రం ఆయన కడుపులో రాళ్ళ కంటే గట్టిగా నిలబడిపోయింది. కొళాయి కాడ చెప్పింది. కొళాయి కాడ విన్నోళ్ళు మేము సంతకం పెడతామన్నారు. ఇరవై రెండు సంతకాలతో ఆస్పత్రి మేనేజరుకు ఒక కాగితం పోయింది.

మేనేజరు జెస్సీని పిలిపించి, ఏం జరిగిందో రాసియ్యమన్నాడు. ఆ పిల్ల రాసిచ్చింది. ఏమని? "బయటి డేటాబేసుతో లింకు ఉన్న టేబుళ్ళ నిర్వచనాలు మారినందున, వాటిని సరిచేసేంతవరకు పద్నాలుగు ట్రేలు ఆలస్యమైనవి." అంతే. ఒక్క వాక్యం. మేనేజరు దాన్ని ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకు చదివి, "కాంట్రాక్టు కాగితం సంగతి నెలాఖరుకు చూద్దాంలే" అన్నాడు. ప్రతి ఏడాదీ పదైదో తారీఖుకే వచ్చే కాగితం అది. ఆఫీసులో ఆ వాక్యం చదివిన అటెండరు మన వీధి వాడు. ఆడి నుంచే కంప్యూటర్లో ఒక పొద్దును కొట్టేసిందనే మాట పుట్టింది.

మునిచంద్ర పేరు చెప్పుంటే ఆ పొద్దే తీరిపొయ్యేది. చెప్పకూడదు. రోగి సంగతి గడప దాటి పోరాదని ఉద్యోగంలో చేరేటప్పుడు సంతకం పెట్టించుకోనుండారు. ఆ పిల్ల ఇంట్లో కూడా చెప్పలేదు.

"అసలేం జరిగిందే?" అని గ్రేసీ అడిగింది.

"కొలతలు మారినాయమ్మా. కొత్తవి తీసుకునేదాకా కత్తిరించొద్దన్నా."

"ఎవరి కొలతలు?"

"టేబుల్‌వి."

గ్రేసీకి టేబులంటే అన్నం తినే బల్లే. అయినా కొలత సంగతి ఆమెకు ఇంకొకరు చెప్పే పన్లేదు. ఇంక అడగలేదు.

అడగలేదు గానీ అనుభవించింది. దీపావళి ముందర గ్రేసీ రేకుల కింద గుడ్డ పెట్టేదానికి చోటుండదు. ఈసారి ధరణి మొదట వచ్చి తన గుడ్డ వెనక్కి తీసకపోయింది. "పండగ లోపల నీకు కుదరదేమోలే అక్కా" అంది, మొహం పక్కకు పెట్టి. ఆ తర్వాత ఒక్కొక్కరే. మూడో శనివారం ఇంకా ఘోరం. ఏ ఏడైనా పెరటాసి శనివారం మధ్యాహ్నం తళిగలు అయిపోయినాక ఆ ఇంటికి పులిహోర, చక్కెరపొంగలి, వడలు ఏడెనిమిది ఇండ్ల నుంచి పోతాయి. గ్రేసీ ఆ పూట పొయ్యి వెలిగించదు. ఆ శనివారం రెండైంది, మూడైంది, ఒక్క గిన్నె పోలేదు. మూడున్నరకు ఇమ్మానుయేల్ ఆటో నిలబెట్టి లోపలికొచ్చి, "ఏమే, ఈ పొద్దు గోవిందుడు మన ఇంటి తావ రాలేదా?" అన్నాడు నవ్వతా. గ్రేసీ బియ్యం కడగను లేచింది. జెస్సీ ఆమె చేతిలో చేట తీసుకుని, "నేను చేస్తాలే" అంది. ముగ్గురూ నాలుగు గంటలకు చారన్నం తిన్నారు. ఆ పొద్దు గిన్నె పంపనోళ్ళలో ఈ రాత చదివేవాళ్ళు చానామంది ఉండారు. మనసుకు తెలుసు.

నాలుగో శనివారానికి ముందు గురువారం మునిచంద్రను పరీక్షకు తీసకపొయ్యింది ధరణి. మత్తు డాక్టరమ్మ ఆ దారిన పోతా, "బాగున్నావా అప్పా" అని పలకరించింది. ధరణికి దొరికింది అదును.

"ఏం బాగు మేడం. ఆపరేషను మనిషికి మీ వంటింటోళ్ళు గుక్కెడు పాలు కూడా పొయ్యలేదు. ఒక పొద్దు వాళ్ళందరికీ ఇచ్చినారు, ఈయనకు తప్ప."

డాక్టరమ్మ నిలబడిపోయింది. "పాలా? ఏమీ తీసుకోకూడదని ముందురోజే చెప్పినాం గదా?"

"చెప్పినారు. మేమూ తిండి పెట్టలేదు. పాలు, పండు తిండెట్ట అయితాయి మేడం? ఒక పొద్దులోనే తీసుకుంటాం గదా."

"దేవుడు ఒప్పుకుంటాడమ్మా. మత్తు మందు ఒప్పుకోదు." ఆమె ధరణి చెయ్యి పట్టుకుని బెంచీ మీద కూర్చోబెట్టింది. "కడుపులో పాలుంటే, మత్తులో ఉన్నప్పుడు పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోతాయి. తాగినట్టు మాకు తెలిస్తే ఆపరేషను వాయిదా వేస్తాం. నువ్వు తిండి కాదనుకుంటావు కాబట్టి తాగినట్టు మాకు చెప్పవు."

డాక్టరమ్మ మునిచంద్ర వైపు చూసింది. మునిచంద్ర చొక్కా బొత్తాలు పెట్టుకుంటా, "నువ్వు తెచ్చిస్తే నేను గటగటా తాగేసేవాణ్ణే ధరణీ. నువ్విస్తే ఎప్పుడన్నా వద్దన్నానా?" అన్నాడు. ఎగతాళికే అన్నాడు.

ధరణి నేరుగా వంటింటి కిటికీ కాడికి పోయింది. ఈసారి గొంతు లేవలేదు. రమామణి గారు ఆ రోజు చీటీల కట్ట తెరిచి ఒక్కటి మాత్రం బయటికి తీసింది. "మీ ఆయనది కాబట్టి మీకు చూపిస్తా. మిగిలిన రెండూ ఎవరివని అడగొద్దు." ఎర్రగీత కింద మునిచంద్ర పేరు. గీత పక్కన అచ్చయిన టైము, ఎనిమిదీ నలభై రెండు. అంతకు ముందు అచ్చయిన ఖాళీ చీటీ కూడా దానికే గుచ్చి ఉండాది, ఏడింపావుది.

"ఈ రెండింటి మధ్యలో మీరు అద్దం కాడ ఆ పిల్లను తిడతా ఉండారు," అంది రమామణి గారు. మెల్లగానే అంది. "నేనూ మనసులో తిట్టుకున్నాలెండి."

ధరణి మేనేజరు గదికి పొయ్యి తన కాగితం తనకిచ్చేయమంది. ఇరవై రెండు సంతకాల కాగితం అట్ట ఇవ్వడం కుదరదన్నాడు ఆయన. "అయితే ఇరవై రెండు మందినీ తోలుకొస్తా, అందరం కలిసి వెనక్కి తీసుకుంటాం" అంది. ఆయనకు ఆ మాటకు భయమేసిందో ఏమో, దాని కిందనే రాయించుకుని సంతకం పెట్టించుకున్నాడు. కాంట్రాక్టు కాగితం సోమవారం వస్తుందని కూడా చెప్పినాడు.

ఆ సాయంత్రం ఆరున్నరప్పుడు ధరణి గ్రేసీ ఇంటికొచ్చింది. చేతిలో కత్తిరించని రవిక గుడ్డ. గ్రేసీ మిషను మీద నుంచి లేవకుండా, "రా ధరణీ" అంది, అంతే. జెస్సీ అప్పుడే ఆస్పత్రి నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటా ఉండాది. పక్కిండ్ల గడపల్లో ఎవరెవరు నిలబడినారో చెప్పే పన్లేదు. అందరం నిలబడినాం.

"నేను రాసిచ్చింది వెనక్కి తీసుకున్నా," అంది ధరణి. "డాక్టరమ్మ అంతా చెప్పింది. నా నోటికి నేనే వాత పెట్టుకోవాల."

"అట్ట అనొద్దక్కా. మీ ఆయన బాగుండాడా?"

"బాగుండాడు. మూడు పూటలా తింటా నన్ను సతాయిస్తా ఉండాడు." ధరణి గుడ్డను ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంది. ఆమెకు ఇంకోటి కావాల, మొహం చూస్తేనే తెలస్తా ఉండాది. మన వెనక వీధి మనిషని, తెలిసినోడని, కోరి కాపాడినానని ఆ పిల్ల ఒక్క మాటంటే ఈ పొద్దు నుంచి నెత్తిన పెట్టుకోవాలని ఆశ. "జెస్సీ, ఒకటడగతా, నిజం చెప్పు. ఆ ట్రే మా ఆయనదని తెలిసే ఆపినావా?"

జెస్సీ తువాలుతో చేతులు తుడుచుకుంది.

"లేదక్కా, ఆ పద్నాలుగులో ఏది ఒక పొద్దుదో, ఏది ఆపరేషనుదో నాకు తెలీదు. తెలిసుంటే ఆ మూడూ పక్కన పెట్టి, మిగిలిన పదకొండు మందికీ ఏడున్నరకే వేడివేడిగా పంపిచ్చుండేదాన్ని. పాపం, అంత జబ్బుతో ఒక పొద్దుండి, చల్లారిన పాలు తాగినారు."